తోటివారి కొలబద్ద పక్కన పెట్టి, సొంత సృజన బలం మీద నిలబడటం ఎలా?

ఒక రాత్రి పదకొండు దాటాక, నాతోపాటే కథలు రాయడం మొదలుపెట్టిన మిత్రుడి నుంచి సందేశం వచ్చింది. తన మొదటి సంపుటి అచ్చుకు వెళుతోందట. నిజంగానే సంతోషించాను, అభినందనలు పంపాను. ఆ తర్వాత నేను రాస్తున్న కథ తెరిచి చదివి, పావుగంటలో నాలుగు పేజీలు కొట్టేశాను. మధ్యాహ్నం చదివినప్పుడు అవే పేజీలు బాగానే అనిపించాయి. రాత్రికి వాటిలో కొత్తగా పుట్టిన దోషం ఒక్కటే: అవి మిత్రుడు రాసినట్టు లేవు.

కొట్టేసిన ఆ నాలుగు పేజీల్లోనే నాకు పనికివచ్చేది ఉందని తెలుసుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరలో చేసిన పనుల్లో పనికిరానివి తీసేసి, పనికివచ్చినవి వరుసగా ఇక్కడ పెడుతున్నాను. మీరు రాసేవారు కావచ్చు, బొమ్మలు వేసేవారు, స్వరాలు కట్టేవారు, నాటకాలు ఆడించేవారు, పాఠాలు చెప్పేవారు కావచ్చు. "పోల్చుకోవద్దు" అని మనసుకు ఎంత చెప్పినా అది వినదు. చేతిలో ఉన్న కొలబద్ద లాక్కుంటే మరొకటి ఇవ్వాలి. ఆ రెండోదాన్ని మీ పాత పనిలోంచే తయారు చేసుకోవాలి. అందుకు ఒక పెన్సిలు, మీరు ఇదివరకు చేసిన పనులు ఒక పది, సుమారు మూడు నెలల ఓపిక ఉంటే చాలు.

మొదటి మెట్టు: వారం రోజులు పోలికల పద్దు రాయండి

ఈ వారం దేన్నీ మార్చే ప్రయత్నం చేయవద్దు. చిన్న పుస్తకం ఒకటి దగ్గర పెట్టుకుని, ఎవరి పనో చూసి మనసు చివుక్కుమన్న ప్రతిసారీ మూడు సంగతులు రాయండి. ఎవరిని చూశారు, వారి దగ్గర ఏది చూశారు, చూసిన వెంటనే మీరు ఏం చేశారు. ఈ మూడోదాన్నే చాలామంది వదిలేస్తారు. "బాధేసింది" అని రాస్తే ఆ పద్దు దేనికీ కొరగాదు. "సగం వేసిన బొమ్మ పక్కన పడేసి గంటసేపు ఫోను చూశాను" అని రాయాలి. వారం చివర కూడితే ఆ గంటలే పోలికకు మీరు కట్టిన కప్పం.

ఇలా పోల్చుకుంటున్నందుకు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. లియాన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వవేత్త 1954లో దీనికి ఒక సిద్ధాంతం కట్టారు. తామెంతవారో తెలుసుకోవాలన్న కోరిక మనుషులకు సహజం. నికరమైన కొలమానం దొరకని చోట సాటివారిని చూసి కొలుచుకుంటారు. అందులోనూ తమకు అందనంత ఎత్తులో ఉన్నవారి జోలికి వెళ్లరు, తమలాంటివారినే ఎంచుకుంటారు. పరుగు పందేనికి గడియారం ఉంది. కథ ఎంత బాగుందో చెప్పే గడియారాన్ని ఎవరూ చేయలేదు. మనబోటి పనుల్లో ఈ బెడద ఇంత ఎక్కువగా ఉండటానికి కారణం అదే.

అబ్రహాం టెస్సర్ అనే మరో పరిశోధకుడు 1980లలో ఇంకొంచెం ముందుకు వెళ్లారు. దగ్గరివారు ఒక పనిలో మనల్ని మించిపోతే, ఆ పని మనకు పట్టనిదైనప్పుడు వారిని చూసి గర్వపడతామట. మనమూ ప్రాణం పెట్టిన పనైతే మాత్రం నొచ్చుకుంటామట. మిత్రుడు చదరంగంలో గెలిస్తే పదిమందికీ చెప్పుకుని మురిసే మనిషి, అదే మిత్రుడు తానూ రాసే కథల్లో గెలిచేసరికి ముభావంగా మారిపోతాడు. స్నేహంలో లోటు ఉండి కాదు, రెండు తీగలు ఒకేచోట లాగుతున్నాయి కనుక. అంటే మీ పద్దులో నొప్పి ఎక్కువగా ఉన్న చోట మీకు నిజంగా కావలసినదేదో ఉందన్నమాట. అసూయకు ఇంతకన్నా మంచి ఉపయోగం నాకు తెలియదు.

వారం గడిచాక పద్దులోని అంశాలను మూడు కుప్పలు చేయండి. ఒకటి వారికి దక్కిన ఫలితం: పేరు, అచ్చు, చప్పట్లు. రెండోది వారి నేర్పు: ఆ వాక్యం, ఆ గీత, ఆ గమకం. మూడోది వెసులుబాటు: వారికున్న సమయం, డబ్బు, వెనక నిలబడిన మనుషులు. మొదటి కుప్ప మీ చేతిలో లేదు. మూడోదానికి సృజనతో సంబంధం లేదు, అది జీవితం సర్దుకోవాల్సిన వ్యవహారం. రెండో కుప్పను మాత్రం దాచి ఉంచండి, చివర్లో అవసరం పడుతుంది. నా పద్దులో పంతొమ్మిది అంశాలు తేలితే, నేర్పుకు సంబంధించినవి నాలుగే. మిగతా పదిహేనింటి కోసం నేను నా శైలిని మార్చుకోబోయాను!

రెండో మెట్టు: కంటికి కనిపిస్తున్నది ఎంతో లెక్క కట్టండి

దీనికి ఒక పూట చాలు. స్కాట్ ఫెల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1991లో ఒక తమాషా సంగతి చూపించారు. సగటున చూస్తే మన స్నేహితులకు మనకన్నా ఎక్కువమంది స్నేహితులుంటారు. ఇందులో మాయ లేదు. ఎక్కువమందితో స్నేహం చేసేవారు ఎక్కువమంది జాబితాల్లో పడతారు కాబట్టి ప్రతివారికీ వారే తారసపడుతుంటారు. కళల్లోనూ అంతే. నెలకు ఒక బొమ్మ బయటపెట్టేవారికన్నా రోజూ ఒకటి పెట్టేవారు మీ కంట ముప్పై రెట్లు పడతారు. మీకు కనిపించే "అందరూ" నిజానికి ఆ కొద్దిమందే.

కాగితం తీసుకుని, మిమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టే ముగ్గురి పేర్లు రాసి, ఒక్కొక్కరి చిత్తుప్రతులు ఎన్ని చూశారో పక్కన రాయండి. దాదాపు అన్నిచోట్లా సున్నాయే పడుతుంది. మీ చిత్తుప్రతులు మాత్రం మీరు మొత్తం చూశారు. తన వంటింటి మసిని పక్కింటి ముంగిట ముగ్గుతో పోల్చుకునేవారు ఎన్నటికీ నెగ్గరు.

మూడో మెట్టు: పది పాత పనులు, ఒక పెన్సిలు

అసలు పని ఇక్కడుంది. దీనికి రెండు వారాలైనా ఇవ్వండి, తొందరపడితే చెడుతుంది.

మీరు చేసినవాటిలో పదింటిని తీయండి. బాగా వచ్చినవే తీయాలని మనసు పోరుతుంది, దాని మాట వినకండి. నలుగురూ మెచ్చినవి మూడు, ఎవరూ పట్టించుకోనివి మూడు, మధ్యలో వదిలేసినవి మూడు, ఎవరి కోసమూ కాకుండా సరదాకు చేసినది ఒకటి ఉంటే మంచిది. సరదాకు చేసినదానిని చేర్చడం మరవవద్దు. ఎవరూ చూడరని తెలిసినప్పుడు చేయి ఎటు పోతుందో అందులోనే కనిపిస్తుంది.

రోజుకు ఒకటి చొప్పున చూడండి. బాగుందా, బాగాలేదా అన్న తీర్పు ఇవ్వకూడదు. పెన్సిలుతో మూడే గుర్తులు పెట్టండి. ఇక్కడ చేయి తేలిగ్గా నడిచింది అనిపిస్తే సున్నా చుట్టండి. ఇక్కడ ఇంకొకరి గొంతు అరువు తెచ్చుకున్నాను అనిపిస్తే అడ్డగీత గీయండి. దీన్ని ఇలా ఎందుకు చేశానో నాకే తెలియదు, అయినా తీసేయబుద్ధి కావడం లేదు అనిపిస్తే చుక్క పెట్టండి. సంగీతమైతే ధ్వనిముద్రణ వింటూ నిమిషం, సెకను రాసుకోండి. బొమ్మలైతే పైన పల్చని కాగితం పరిచి దాని మీద గుర్తు పెట్టండి. నాటకమో పాఠమో అయితే మీరు ముందుగా రాసుకున్న కాగితాలను, చూసినవారు చెప్పిన సంగతులను పక్కపక్కన పెట్టుకోండి.

నా సంగతి చెబుతాను. మిత్రుడు వర్ణనల్లో దిట్ట. ఆయన వర్షం రాస్తే పేజీ తడుస్తుంది. ఆయన్ను చూసి రెండేళ్లపాటు నేనూ వర్ణనలు రాశాను. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, ఇలాంటివి: "మంచు పొరల్లో వెండి దారాల్లా వేలాడుతున్న వెలుగు కిటికీ ఊచల మీద సన్నని సంగీతంలా జారుతోంది." వెండి, దారం, వెలుగు, సంగీతం అన్నీ ఉన్నాయి, కిటికీ ఒక్కటే కనిపించదు. పది కథలూ చూసేసరికి ఇలాంటి వాక్యాల పక్కన అడ్డగీతలు వరుసగా పడ్డాయి. సున్నాలూ చుక్కలూ మాత్రం ఎక్కడో ఇరుకు మూలల్లో, మనుషులు రెండేసి ముక్కలు మాట్లాడుకునే చోట పడ్డాయి. మధ్యలో వదిలేసిన ఒక కథలో ఈ రెండు వాక్యాలున్నాయి:

"తాళం ఎక్కడ పెట్టావు?"

"నువ్వు వస్తావని అనుకోలేదు."

అడిగింది ఒకటి, జవాబు మరొకటి. కానీ ఆ ఇద్దరి మధ్య ఏం జరిగి ఉంటుందో చదివేవారికి తెలిసిపోతుంది. పది కథల్లో ఏడింటిలో ఇదే పోకడ ఉంది. నేను దాన్ని ఒక్కసారి కూడా గమనించలేదు, ఎందుకంటే అది రాసేటప్పుడు నాకు కష్టం కలగలేదు. చేయి తిరిగిన పనికి మనం విలువ కట్టం. "ఇది ఎవరైనా చేస్తారు" అనుకుంటాం. చెమటోడ్చి రాసిన వెండి దారాలనేమో సాహిత్యం అనుకుంటాం. ఈ వ్యాసం మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే దీన్ని గుర్తుంచుకోండి: మీ బలం మీకు బలంలా అనిపించదు, మామూలుగా అనిపిస్తుంది. అందుకే దాన్ని తలపోసి కనిపెట్టలేం, ఆనవాళ్లు వెతికి పట్టుకోవాలి.

చార్లెస్ డార్విన్ 1876లో తన గురించి తాను రాసుకుంటూ ఇలాంటి లెక్కే వేసుకున్నారు. తన కాలపు జీవశాస్త్రవేత్త హక్స్లీ వంటి మేధావులకున్న చురుకైన గ్రహణశక్తి తనకు లేదని ఒప్పుకున్నారు. చాలాసేపు సాగే అమూర్త తర్కాన్ని వెంబడించే శక్తి తనకు తక్కువేనన్నారు. ఆ తర్వాత, ఇతరుల దృష్టి నుంచి సులువుగా జారిపోయే విషయాలను గమనించడంలో, వాటిని శ్రద్ధగా పరిశీలించడంలో సామాన్యులకన్నా తాను మెరుగని రాశారు. లోటు, బలం రెండింటినీ ఒకే గొంతుతో చెప్పడం చూడండి. తోటివాడి పేరు ఎత్తారు కానీ, హక్స్లీలా మారడానికి ప్రయత్నించలేదు. వానపాముల మీద పుస్తకం రాసేంతగా, తనకు పట్టుబడిన పరిశీలనకే జీవితం ఇచ్చారు.

పది పనులూ అయ్యాక గుర్తులను ఒక్కచోట చేర్చండి. ఒకే రకం సున్నా మూడు నాలుగు పనుల్లో కనిపిస్తేనే లెక్కలోకి తీసుకోండి. ఒక్కచోటే ఉంటే అదృష్టం అయి ఉండవచ్చు. చుక్కలను మాత్రం ఒక్కటి ఉన్నా వదలవద్దు, ఇంకా పూర్తిగా తెలియని బలం అక్కడ మొలకలెత్తుతూ ఉండవచ్చు.

నాలుగో మెట్టు: అభిప్రాయం అడగకండి, సంఘటన అడగండి

మన కంటికి అందనిది ఇతరులకు అందుతుంది, అడగడం తెలిస్తే. "నా బలం ఏమిటి?" అని అడిగితే "నువ్వు చాలా సృజనాత్మకం" అనే చక్కెర ముక్క చేతికొస్తుంది, నిమిషంలో కరిగిపోతుంది. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు రూపొందించిన ఒక అభ్యాసం ఉంది, 2005లో దాని గురించి విస్తృతంగా రాశారు. తెలిసినవారి దగ్గర నుంచి, మీరు అత్యుత్తమంగా ఉన్న సందర్భాలను కథలుగా సేకరించి, వాటిలో పదేపదే వచ్చేదేమిటో చూసుకోవడం అందులోని పద్ధతి. పదిమందికి పైగా అడగమంటారు వారు. ఐదారుగురితో మొదలుపెట్టినా నష్టం లేదని నా అనుభవం.

నేను పంపిన సందేశం దాదాపు ఇలా ఉంది: "నేను చేసినవాటిలో మీకు ఇప్పటికీ గుర్తున్న ఒక్క చోటు చెప్పండి. ఎందుకు గుర్తుందో రెండు వాక్యాల్లో రాయండి. పొగడక్కరలేదు, ఏమీ గుర్తుకు రాకపోతే అదే చెప్పండి." చివరి వాక్యం తప్పకుండా రాయండి, అది అవతలివారిని మొహమాటం నుంచి విడిపిస్తుంది. ఇంట్లోవారిని ఒకరికి మించి అడగవద్దు. మీతో పోటీలో ఉన్నవారిని ఇప్పుడే అడగవద్దు, వారి వంతు వస్తుంది.

జవాబులు వచ్చాక పెన్సిలు గుర్తుల పక్కన పెట్టి చూడండి. రెండూ కలిసిన చోటు మీ బలం. మీరు సున్నా చుట్టని చోటును ముగ్గురు చెబితే మళ్లీ వెళ్లి చదవండి. మీరు సున్నా చుట్టినదాన్ని ఎవరూ చెప్పకపోతే కంగారుపడకండి, అది మీకు ఆనందమిచ్చే పని, ఇంకా చూసేవారి దాకా చేరలేదు.

ఐదో మెట్టు: ఒక్క వాక్యంలో, క్రియతో రాయండి

"నాకు రంగులు బాగా తెలుసు" అన్నది బిరుదు. దానితో రేపు పొద్దున చేయడానికేమీ ఉండదు. "దగ్గర దగ్గర రంగులతోనే వెలుగు మారినట్టు చూపిస్తాను" అన్నది పనికివచ్చే వాక్యం. "పాఠం బాగా చెబుతాను" అనడం బదులు "పిల్లలు చేసిన తప్పులోంచే పాఠం మొదలుపెడతాను" అనాలి. "మంచి గొంతు" అనేవారు "మంద్ర స్థాయిలో నెమ్మదిగా పాడి నిశ్శబ్దాన్ని నిలబెడతాను" అని రాసుకోవాలి. నాది ఇలా వచ్చింది: "అడిగినదానికి కాకుండా మనసులో ఉన్నదానికి జవాబు చెప్పే మనుషులను రాస్తాను."

వాక్యానికి ఒక పరీక్ష ఉంది. రేపు మీ ముందుకు రెండు అవకాశాలు వస్తే, ఈ వాక్యం చూసి ఒకదాన్ని వద్దనగలరా? వద్దనలేకపోతే వాక్యం ఇంకా వదులుగా ఉంది. మూడు నాలుగు సార్లు తిరగరాస్తే గాని బిగుసుకోదు. నాకు ఆరు సార్లు పట్టింది. మొదటి రూపంలో "మానవ సంబంధాల లోతు" అని ఉంది, చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

ఆరో మెట్టు: ఎనిమిది వారాల పని ఒకటి కట్టండి

బలం తెలిసినంత మాత్రాన పెరగదు. దాన్ని మోయించాలి. ఎనిమిది వారాల్లో ముగిసే ఒక పనిని ఎంచుకోండి, ఆ పని బరువంతా ఈ బలం మీదే పడేలా చూడండి. నేను వర్ణన అన్నదే లేకుండా, కేవలం సంభాషణతో నడిచే నాలుగు చిన్న కథలు రాయాలని నియమం పెట్టుకున్నాను. రంగుల బలమున్నవారు మూడే రంగులతో ఎనిమిది బొమ్మలు వేయవచ్చు. లయలో బలమున్నవారు స్వరాలను కుదించి లయను పెంచవచ్చు. మిగతా హంగులు తీసేసినకొద్దీ బలం తప్పించుకోవడానికి చోటుండదు. అదెంత గట్టిదో, ఎక్కడ విరుగుతుందో తెలిసిపోతుంది.

నా నాలుగు కథల్లో రెండు విరిగాయి. మాటలు పదునుగా ఉన్నాయి గాని, ఎవరు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారో అర్థం కాలేదు. దీంతో లోపాల సంగతి ముందుకొచ్చింది. బలం మీద పని చేయమంటే లోపాలను గాలికి వదిలేయమని అర్థం కాదు. లోపాలు రెండు రకాలు. బలానికి అడ్డుపడేవి కొన్ని, అసలు దాని దారికే రానివి కొన్ని. నా పాత్రలు ఏ గదిలో ఉన్నాయో తెలియకపోవడం మొదటి రకం, అది దిద్దుకోవాల్సిందే. వర్షాన్ని మిత్రుడిలా రాయలేకపోవడం రెండో రకం. నాకు వర్షంతో పనే లేదు! మీకున్న సమయంలో నాలుగో వంతు మొదటి రకం లోపానికి ఇవ్వండి, తక్కినదంతా బలానికే పెట్టండి. నిష్పత్తి నా సొంత లెక్క, శాస్త్రమేమీ కాదు.

పక్కనే ప్రతిభావంతుడు ఉన్నప్పుడు ఈ తేడా మరిచిపోవడం ఎంత సులువో చూడాలంటే 1888 చివరి నెలలకు వెళ్లాలి. ఫ్రాన్స్‌లోని ఆర్ల్‌లో విన్సెంట్ వాన్ గో, పాల్ గొగాన్ సుమారు తొమ్మిది వారాలు ఒకే ఇంట్లో ఉండి బొమ్మలు వేశారు. వాన్ గోది ప్రధానంగా ఎదురుగా ఉన్నదాన్ని చూస్తూ వేసే పద్ధతి. జ్ఞాపకం నుంచి, ఊహ నుంచి వేయమని గొగాన్ ప్రోత్సహించారు. వాన్ గో ఆ దారిలో కొన్ని వేశారు కూడా. మరుసటి ఏడాది ఒక చిత్రకారుడైన మిత్రుడికి ఉత్తరం రాస్తూ, అది మనసును కట్టేసే దారే గాని త్వరలోనే గోడ ఎదురవుతుందన్న అర్థం వచ్చేలా చెప్పారు. ప్రయత్నించడంలో తప్పు లేదన్నది గమనించాలి. గోడ తగిలాక వెనక్కి రావడానికి తనదంటూ ఒక చోటు ఉంది ఆయనకు. ఆ చోటు ఏదో ముందే తెలిసి ఉంటే ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నా ప్రమాదం లేదు.

ఒక్కోసారి పోలిక ఒక తలుపును ఏళ్ల తరబడి మూసేస్తుంది. తనకు ముందుతరం స్వరకర్త బీథోవెన్ నీడ భయపెట్టడం వల్ల జర్మన్ స్వరకర్త యోహాన్నెస్ బ్రామ్స్ మొదటి సింఫనీ, అంటే పెద్ద వాద్యబృందం కోసం రాసే సుదీర్ఘ రచన, పూర్తయ్యేసరికి 1876 వచ్చింది, అప్పటికి ఆయనకు 43 ఏళ్లు. (డార్విన్ తన బలాబలాలు రాసుకున్నదీ అదే ఏడాది కావడం కాకతాళీయం.) అయితే ఆ ఏళ్లన్నీ ఆయన చేతులు కట్టుకుని కూర్చోలేదు. పియానో రచనలు, పాటలు, కొద్దిమంది వాద్యకారుల కోసం రాసినవి, పెద్ద బృందగానం, ఇలా భయం లేని తలుపులన్నీ తెరుచుకుంటూ వెళ్లారు. మీకూ ఒక రూపం దగ్గర చేయి బిగుసుకుపోతుంటే దాని గుమ్మం ముందు కూర్చోవద్దు. అదే బలాన్ని వేరే రూపంలో వాడండి. నవల భయపెడితే ఉత్తరాలు రాయండి, పెద్ద కాన్వాసు భయపెడితే అరచేతంత కాగితం తీసుకోండి.

ఏడో మెట్టు: పని మొదలుపెట్టే ముందు పది నిమిషాలు

చిన్న జాగ్రత్తే గాని దీని ప్రభావం పెద్దది. టెరీసా అమాబిలే అనే మనస్తత్వవేత్త 1985లో ప్రచురించిన ప్రయోగంలో 72 మంది రచయితల చేత చిన్న కవితలు రాయించారు. మధ్యలో కొందరిని రాయడంలోని ఆనందం వంటి కారణాల గురించి, మరికొందరిని పేరు, డబ్బు వంటి బయటి కారణాల గురించి కాసేపు ఆలోచించేలా చేశారు. ఆ తర్వాత రాసిన కవితల్లో, బయటి కారణాలు తలచుకున్నవారివి సృజన తగ్గినవిగా తేలాయి. ఎవరూ ఎవరినీ తిట్టలేదు, ఎవరి చేతిలోని బహుమతినీ లాక్కోలేదు. కాసేపు ఆలోచన అటు మళ్లింది, అంతే.

కాబట్టి పనికి కూర్చునే ముందు ఫోను మరో గదిలో పెట్టండి. తోటివారి పని చూడాలనుంటే పని ముగిశాక చూడండి. ఆ పది నిమిషాల్లో ఐదో మెట్టులో రాసుకున్న వాక్యాన్ని చేత్తో ఒకసారి రాసి, ఈ రోజు దాన్ని ఏ చోట వాడబోతున్నారో దాని కింద రాయండి. రోజూ అదే వాక్యం రాయాలా అంటే, రాయాలి. వంద రోజులకు వాక్యం తానే మారుతుంది.

ఎనిమిదో మెట్టు: కొత్త కొలబద్ద

ఎనిమిది వారాల పని ముగిశాక దాన్ని ఎవరి పనితోనూ కాకుండా, మీరు మూడో మెట్టులో పెన్సిలు పెట్టిన పాత పనితో పోల్చండి. అందుకే ఆ పది పనుల మీద తేదీలు వేసి భద్రంగా ఉంచమంటాను. చూడాల్సినవి మూడు ప్రశ్నలు: సున్నాలు పెరిగాయా? అడ్డగీతలు తగ్గాయా? ఇదివరకు చుక్కగా ఉన్నది ఏదైనా సున్నా అయిందా? బాగుందా లేదా అన్న ప్రశ్న ఇక్కడా వద్దు.

మూడు నెలలకోసారి ఇదే పని చేయండి. అంతకన్నా తరచుగా చేస్తే మొక్క వేళ్లు పట్టాయా లేదా అని రోజూ పీకి చూసినట్టు ఉంటుంది. నాకు మొదటి మూడు నెలల్లో పెద్దగా తేడా కనిపించలేదు. రెండోసారి చూసినప్పుడు అడ్డగీతలు సగానికి సగం తగ్గాయి. సున్నాలు అంతగా పెరగలేదు, కానీ ఒక్కో సున్నా పొడవు పెరిగింది. రెండు వాక్యాల చుట్టూ చుట్టినది పేజీ చుట్టూ చుట్టాల్సి వచ్చింది.

ఈ పద్ధతి ఎక్కడ పని చేయదో కూడా చెప్పాలి. పోటీకి పంపుతున్నారు, ప్రవేశ పరీక్షకు వెళుతున్నారు, ఉద్యోగానికి మీ పనుల నమూనా ఇస్తున్నారు అంటే, అక్కడ ఇతరులతో పోలిక తప్పదు. అవతలివారు ఏం చూస్తారో తెలుసుకుని ఆ మేరకు సిద్ధం కావాల్సిందే. ఆ పని అయ్యాక ఆ కొలబద్దను అక్కడే వదిలి రండి. రెండో ఇబ్బంది, బలం కాస్తా అలవాటుగా మారడం. నా పాత్రలు కొన్నాళ్లకు ఒక్క ప్రశ్నకూ తిన్నగా జవాబివ్వడం మానేశాయి. పాఠకుడొకరు "వీళ్లకు చెవుడా?" అని అడిగారు. సున్నా చుట్టిన చోట ఆశ్చర్యం పోయి విసుగు వస్తుంటే, ఆ బలాన్ని కొన్నాళ్లు విశ్రాంతికి పంపి, ఐదో మెట్టుకు వెళ్లి వాక్యం తిరగరాయండి.

తొమ్మిదో మెట్టు: ఇప్పుడు తోటివారి దగ్గరకు వెళ్లండి

మొదటి మెట్టులో దాచిన రెండో కుప్ప, అంటే నేర్పుకు సంబంధించినది, ఇప్పుడు బయటకు తీయండి. వాటిలో మీ బలానికి ఊతమిచ్చేది ఒక్కటి ఎంచుకుని, ఆ మనిషినే అడగండి. "మీరు గొప్పగా రాస్తారు, ఎలా రాస్తారు?" అంటే ఎవరైనా సిగ్గుపడి తప్పించుకుంటారు. ఒక పేజీ చూపించి, ఇక్కడ ముందు ఏం రాశారు, తర్వాత ఏం కొట్టేశారు అని అడిగితే చెబుతారు. బదులుగా మీ చిత్తుప్రతి ఒకటి ఇవ్వండి. చిత్తుప్రతులు చేతులు మారిన చోట అసూయకు నిలబడే చోటు తగ్గుతుంది, అవతలివారి వంటింటి మసి కూడా కనబడుతుంది కనుక.

నేను మిత్రుడిని వర్షం పేజీ గురించి అడిగాను. ఆయన దాన్ని పదకొండు సార్లు తిరగరాశారట. రాసే ముందు కళ్లు మూసుకుని ఆ చోట వినిపించే చప్పుళ్లు జాబితా వేసుకుంటారట, రంగుల జోలికి చివర్లో గాని వెళ్లరట. ఆ జాబితా పద్ధతి నాకు కుదరలేదు, రెండుసార్లు ప్రయత్నించి వదిలేశాను. కానీ ప్రతి సంభాషణకు ముందు ఒక్క చప్పుడు పెట్టడం మొదలుపెట్టాను. గొళ్లెం తీసిన చప్పుడు, పక్క గదిలో ఎవరో దగ్గిన చప్పుడు, అంతే. నా మనుషులు ఎక్కడ నిలబడ్డారో పాఠకులకు తెలియడం మొదలైంది. ఫోను పెట్టేసే ముందు ఆయన కాస్త ఆగి, తన కొత్త కథలో తండ్రీకొడుకులు పోట్లాడుకునే ఘట్టం ఒకటి నెల నుంచి కదలడం లేదని, పంపిస్తే చూస్తారా అని అడిగారు.